బూడిదలో అలసందలు

మా అత్తగారింట్లో విత్తనాన్ని వండి వడ్డించిన కోడల్ని నేను. ముందే చెప్పేస్తాండా. మధ్యలో తెలిసి "ఓయమ్మో, ఇంత నంగనాచా ఈమె" అని మీరు అనుకునేదానికంటే నా నోటితోనే చెప్పేది మేలు.

తొంభైల చివర్న సంగతి. పెండ్లయి రెండు నెలలు. మాది అనంతపురం టౌను. మా నాయన ఒక ఆఫీసులో అటెండరు. ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా నేను హాస్టల్లోనే చదివినా. గంట కొడితే ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడేది తప్ప, ఆ ప్లేట్లోకి అన్నం యాడ నుంచి వస్తాదో నేను చూడలే. వంట రాదని పెండ్లికి ముందే మావాళ్లు చెప్పిండారు. "నేర్చుకుంటాదిలే, ఏముంది అందులో" అనె మా అత్త. ఏముంది అందులో! ఆ మాటన్నోళ్లందర్నీ వరసగా పొయ్యి ముందర కూచోబెట్టాలనిపిస్తాది నాకు ఇప్పటికీ.

అత్తగారిది కళ్యాణదుర్గం పక్క ఒక పల్లె. చుట్టూ చెనిక్కాయ చేన్లు, అదే మీరు వేరుశనగ అంటారే, అవి. వానొస్తే చేన్లు, రాకపోతే ఉత్త ఎర్రమన్ను. మా ఆడబిడ్డ బెంగళూరులో ఉండేది. నిండు నెలలు, ప్రయాణం చేయొద్దని డాక్టరమ్మ చెప్పిందని కబురొచ్చె. కాన్పుకు బిడ్డ పుట్టింటికి రావాల్సింది పోయి, తల్లే బిడ్డ దగ్గరికి బయల్దేరె.

రోడ్డు మీద ఆటోవాడు హారన్ కొడతాంటే, చంకలో మూట పెట్టుకుని మా అత్త సంసారమంతా నాకు ఒక్క గుక్కలో అప్పజెప్పింది. "ఎసరు మరిగినాక పిండెయ్యి. పప్పులోకి చింతపండు చూసుకునెయ్యి. ఊరుబిండికి కాయలు గంపలో ఉండాయి. మీ మామకు కారం తక్కువ, మీ ఆయనకు ఎక్కువ. అన్నీ ఇంట్లోనే ఉండాయి, ఎవురింటికీ పోయి అడగొద్దు. విత్తనం జోలికి మాత్రం పోవద్దు, చెప్తాండా!"

ఒకే కుండలో మామకు తక్కువ, ఆయనకు ఎక్కువ కారం ఎట్లేసేది? అది అడుగుదామని నోరు తెరిచేసరికి ఆటో పోయి, దుమ్ము మిగిలె.

విత్తనం మాట మాత్రం చెవిలో వేసుకున్నా. టౌనుదాన్నైనా మా పక్క విత్తనమంటే ఏందో నాకు తెలుసు. ఇంట్లో పస్తున్నా విత్తనం మూట విప్పరు. విప్పి తింటే, వానొచ్చిన రోజు చేను బీడు పెట్టుకోవాల్సిందే. కొట్టంలో గోడవారన చెనిక్కాయల మూటలు ఉండె, మూతులు దబ్బనంతో కుట్టి. వాటికి నేను కాపలా. పిల్లి ఆ పక్క పోయినా అదిలిస్తాంటి. గంపలో కాయలు తప్ప ఒక్కటి ముట్టలే. నా లెక్కలో విత్తనమంటే ఆ మూటలే. అది ఇంకో రూపంలో వంటింట్లోనే, నా చేతికందే ఎత్తులో ఉంటాదని నాకెవురు చెప్పిరి?

మొదటిరోజు సంగటి. బియ్యం నూక ఉడికినాక దాని మీద రాగిపిండి పొయ్యాల, కలపకూడదు. మధ్యలో కట్టెతో బొంద పెట్టి, మూతేసి, ఆవిరి పైకొచ్చిందాకా ఆగాల. అప్పుడు దించి గిన్నెను అదిమిపట్టి గట్టిగా గెలకాల. ఇప్పుడు గడగడా చెప్తాండా. ఆరోజు నాకు తెలిసింది ‘పిండెయ్యి’ ఒక్కటే. వేసినా. వేసిన వెంటనే కలిపినా. ఉండలు కట్టె. ఉండలు కనపడకుండా పెద్ద ముద్ద చేసి మామ ముందర పెట్టినా. ఆయన ముద్ద విరిస్తే లోపల్నుంచి పొడిపిండి పొగ లేసె. మామ పిండి వైపు చూసినాడు, నా వైపు చూసినాడు. "మజ్జిగ పొయ్యమ్మా" అన్నాడు. మజ్జిగలో అంతా పిసుక్కుని తాగేసి లేసినాడు. బాగుందనలే, బాగలేదనలే.

ఆ మనిషి తీరే అంత. ఏం పెట్టినా తిని చెయ్యి కడుక్కుంటాడు. ముఖం చూసి కనుక్కుందామంటే ముఖంలో ఏమీ ఉండదు. తిట్టినా బాగుండు, ఎక్కడ తప్పు పోయినానో తెలుస్తాది. మా ఆయనది ఇంకో రకం. కళ్యాణదుర్గంలో ఎరువుల అంగట్లో పని ఆయనకు, సాయంత్రం బస్సుకు వస్తాడు. ఏం పెట్టినా "బాగుంది" అంటాడు. మాడిందీ బాగుంది, ఉడకందీ బాగుంది. అట్లాంటి బాగుందిని ఏం చేసుకునేది? ఈ ఇద్దరు మగోళ్ల మధ్య నా వంట మంచిదో చెడ్డదో తెలీక పిచ్చిపట్టినట్టయ్యేది నాకు.

పక్కింట్లో ఒక జేజి, ముసలామె, ఉండేది. ఎవురింటికీ పోయి అడగొద్దని అత్త చెప్పింది సామానును గదా, మాటను కాదు గదా, అని గోడ మీద నుంచి అడిగేదాన్ని.

"ఉప్పెంతెయ్యాల జేజీ?"

"సరిపోయేంత."

"సరిపోయేంతంటే?"

"ఎక్కువ కాకుండా."

"ఎక్కువ కాకుండా అంటే ఎంత జేజీ?"

"తక్కువ కాకుండా చూసుకుంటే చాల్లే, పోమ్మే! డిగ్రీ చదివినావంట!"

డిగ్రీలో ఉప్పు గురించి లేదని జేజికి ఎట్లా చెప్పేది?

ఉగ్గాని చేద్దామనుకుంటి ఒకరోజు. దానికంటే సులభమైంది లేదంటారు. నిజమే. బొరుగులు, మీ మరమరాలు, నీళ్లలో ఇట్లా ముంచి అట్లా పిండేయాల. ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేయించి, పసుపేసి, బొరుగులు కలిపి, పైన వేయించిన శనగపప్పు పొడి చల్లితే అయిపోయె. నేనేం చేస్తి? పప్పు నానబెట్టినట్టు బొరుగులు నానబెట్టి తలకు నీళ్లు పోసుకునేదానికి పోయినా. వచ్చి చూస్తే గంజి. పారేసేదానికి మనసు రాక దానికే తిరగవాత పెట్టినా. మా ఆయన గరిటెతో పోయించుకుని, "బాగుంది" అని తాగినాడు.

కొత్తగా పొయ్యి ముందర కూచునేవాళ్లకు నా మాట ఒకటి వినండి. ఊరుబిండితో మొదలుపెట్టండి. చెనిక్కాయ గింజలు సన్నసెగ మీద ఓపిగ్గా వేయించి, పొట్టు చెరిగేసి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, చింతపండు, ఉప్పు వేసి రోట్లో దంచేదే. ఉప్పెక్కువైతే ఇంకో పిడికెడు గింజలు వెయ్యచ్చు. గింజలెక్కువైతే ఇంకో మిరపకాయ. ఎన్నిసార్లు తప్పినా సరిచేసుకోనిస్తాది, పాపం. నేనట్లా సరిచేసుకుంటా సరిచేసుకుంటా, ముగ్గురికి వారానికి సరిపోయేంత చేసిపెడితి ఒకసారి.

అత్త పోయిన పది పన్నెండు రోజులకు పప్పులోకి కందిబేడలు అయిపోయె. సంతకు ఇంకా మూడు రోజులుండె. "అన్నీ ఇంట్లోనే ఉండాయి" అనింది గదా అని దొంతి దగ్గర కూచుంటి. వంటింటి మూల కుండ మీద కుండ పేర్చి పెడతారే, అదే దొంతి. ఏ కుండలో ఏముందో మా అత్త తలకాయలో తప్ప యాడా రాసి లేదు. ఒకదాంట్లో చింతపండు. ఒకదాంట్లో ఎండుమిరపకాయలు. ఒకదాంట్లో ఉలవలు, అవి ఎద్దులకో మనుషులకో తెలీక మళ్లీ మూత పెట్టేస్తి. అన్నిటికంటే కింద చిన్నకుండ, మూతికి పాతచీర పేలిక కట్టి. విప్పితే బూడిద.

అంట్లు తోమేదానికేమో అనుకుని చెయ్యి పెడితే గింజలు తగిలె. తీసి ఊది చూస్తి. అలసందలు. మీరు బొబ్బర్లంటారే, అవి. చిన్నవి, ఎర్రగా, మొలకొచ్చే చోట నల్ల చుక్క. ‘అయ్యో, పొయ్యి పక్కన పెట్టి అలసందల్లో బూడిద పోసుకునిండాదే, చూసుకోకనే మూతి కట్టేసిండాదే’ అనుకుంటి. పెద్దామె, కండ్లు ఆనవు పాపం, అని జాలి కూడా పడితి. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

చేటలో చెరిగినా. జల్లెడ పట్టినా. బూడిద తీసకపోయి దిబ్బలో పారబోసినా. ఏడు నీళ్లు పోసి తళతళ కడిగినా. ముగ్గురికి ఎన్ని కావాల్నో తెలీక, తక్కువైతే బాగుండదని కుండంతా బోర్లించినా. శేరు దాకా ఉండె. నానితే గిన్నె నిండె. ఉడికితే ఇంకో గిన్నె కావాల్సొచ్చె. గింజలు అంత ఉబ్బుతాయని నాకు తెలిస్తే గదా! ఖాళీ కుండను ఊరికే పెట్టలే. తోమి, ఎండబెట్టి, రాళ్లుప్పు పోసి, అదే పేలిక మళ్లీ కట్టినా. అంత పనిమంతురాలిని.

పులుసు చేసినా. ఎర్రగడ్డలు, చితక్కొట్టిన తెల్లగడ్డలు, ఎండుమిరపకాయలు తిరగవాతలో వేసి, ఉడికిన అలసందలు కలిపి, చింతపండు పులుసు పోసి, కాసింత బెల్లం. ఉప్పు రవ్వ రవ్వ వేస్తా, నాలిక మీద పెట్టుకుంటా పోయినా. ఒకచోట ఆగిపోయె చెయ్యి. సరిపోయె! ఎవురూ చెప్పకుండానే తెలిసిపోయె నాకు. ఆ సంబరం ఇంకా గుర్తుంది.

మామ చేన్లో నుంచి వచ్చి కూచునె. సంగటి పక్కన పులుసు పోసినా. ఆయన చెయ్యి ముద్ద మీదికి పోయి ఆగిపోయె. ఒక గింజను రెండు వేళ్లతో తీసి పట్టుకున్నాడు.

"యాడియమ్మా ఇవి?"

"దొంతిలో అడుగు కుండలోవి మామా. బూడిద పడింటే శుభ్రంగా కడిగి వండినా."

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన గింజను మళ్లీ పులుసులో పెట్టినాడు. నేను ఎదురుగా నిలబడే ఉన్నా, గరిటె పట్టుకుని, ఈరోజన్నా ఒక్క మాట రాలుస్తాడేమోనని. తట్ట దగ్గరికి లాక్కుని, తినేది మొదలుపెట్టినాడు. నెమ్మదిగా, నమిలి నమిలి. తట్ట ఊడ్చి, "ఇంకొంచెం పొయ్యమ్మా" అన్నాడు. నేనొచ్చినాక ఆ ఇంట్లో మామ మారు అడిగింది అదే మొదలు. తర్వాత ఇంకోసారి కూడా పోయించుకున్నాడు. నా కాళ్లు నేల మీద నిలవలే.

మరి తిన్న మనిషి అరుగు మీద కూచుని బీడీ నోట్లో పెట్టుకుని వెలిగించకుండా ఎందుకుండాడో నాకు అర్థం కాలే.

ఆ సంబరంలోనే గిన్నెడు పులుసు జేజికి తీసకపోయినా. నా ఉండల సంగటి కూడా నవ్వుతా తినింది ఆమె. అట్లాంటిది గిన్నెలోకి తొంగి చూసి, "మీ ఇంట్లోవేనా?" అనె. అవునంటే, గిన్నె నా చేతిలోనే పెట్టేసె. "నాకు పండ్లు లేవు లేమ్మే."

"మెత్తగా ఉడికిండాయి జేజీ."

"వద్దంటాండా గదా."

నాకు కోపమొచ్చె. చెడిపోయినప్పుడు తిని, బాగొచ్చినప్పుడు వద్దంటాదేంది ఈ ముసలమ్మ! ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పుకుంటే, ఆయన పులుసు జుర్రుకుంటా "బాగుంది" అన్నాడు.

మర్నాటి నుంచి మామ ఊర్లు పట్టుకున్నాడు. పొద్దున్నే తలగుడ్డ చుట్టుకుని నడిచిపోతాడు, మధ్యాహ్నానికి మోకాళ్ల దాకా దుమ్ముతో వస్తాడు. ఒకరోజు బస్సెక్కి మడకశిర పక్కకు పోయొచ్చినాడు. ఏం పని మామా అంటే, "ఊరికే" అంటాడు. ఇంకోరోజు నీళ్లు తాగుతా తనలో తనే అనుకున్నట్టు, "అందరూ చెనిక్కాయేలే. ఇంకోటి యాడుండాది" అన్నాడు. చెనిక్కాయ విత్తనం కొట్టంలో భద్రంగా ఉండాదే, మళ్లీ దేనికి తిరుగుతాండాడు? నా పులుసు గురించి ఇంకోమాట రాలుస్తాడేమోనని నేను ఎదురుచూస్తాంటే, ఆయన ముఖం ఇంకా మూసుకుపోతా వచ్చె. మళ్లీ అలసందలు వండమంటావా మామా, అంగట్లో తెప్పిస్తా, అని కూడా అడిగినా నేను. ఆయన వద్దని చెయ్యి ఊపినాడు.

మృగశిర కార్తెలో ఒక సాయంత్రం వాన పడె. పడేది కాదు, కుమ్మరించె. ఊరంతా వీధిలోకొచ్చి తడిసిరి. వానపడిందని తెలిసినాక మా అత్త బెంగళూరులో నిలుస్తాదా? మనవరాలికి ఇంకా నెల నిండలే, రెండో రోజుకంతా వచ్చి దిగె.

ఇంట్లోకి వస్తానే నీళ్లు కూడా తాగలే. చేట తెచ్చుకుని దొంతి ముందర కూచుని ఒక్కో కుండా దించె. అడుగు కుండ పేలిక విప్పి చెయ్యి పెట్టె. చెయ్యి బయటికి తీస్తే అరచేతిలో రాళ్లుప్పు.

"ఇందులోవి ఏవే?"

నేను ఇంకా గొప్పగానే చెప్తాండా చూడండి. "అలసందలు గదత్తా? బూడిదంతా పోసుకునిండె. కడిగి పులుసు పెట్టినా. మామ మూడుసార్లు పోయించుకున్నాడు!"

మా అత్త అరవలే. ఉప్పును మళ్లీ కుండలోకి వదిలి, చెయ్యి కొంగుకు తుడుచుకునె. "బూడిద పోసుకోలేదే. నేనే కలిపినా. పురుగు పట్టకుండా. అది విత్తనమే."

"విత్తనమంటే మూటలు గదత్తా" అన్నా. ఆ మాట నాకే ఎంత తెలివితక్కువగా వినపడెనో!

గడపలో నిలబడిన మామ అప్పుడు నోరు తెరిచె. "పిల్లనేమీ అనొద్దు. నేను తెలిసే తిన్నా."

"తెలిసీ తింటివా!" ఆమె కోపమంతా ఆయన మీదికి తిరిగె. "ఒక్క మాట చెప్పలేకపోతివా?"

"ఉడికిపోయిండె. ఉడికినాక చెప్పి ఏం చేసేది? ఆ పిల్ల ఎదురుగా నిలబడి నా నోరే చూస్తాండె, ఎట్లుండాదంటానో అని. ఆ ముఖం చూసి ఎట్లా చెప్పేది? నువ్వు విత్తనానికి ఇచ్చినోళ్ల ఇండ్లన్నీ తిరిగొచ్చినా. కరువులో అందరూ తినేసిండారు. అంగట్లో తెల్లవి ఉండాయి, అవి మన నేలకు నిలవవు."

తర్వాత నా వైపు తిరిగి మామ చెప్పింది, ఆయన నాతో అంతకుముందు మాట్లాడిన మాటలన్నీ కలిపినా అంత ఉండవు. ఆ గింజలు మా అత్త కాపురానికొచ్చినప్పుడు వాళ్లమ్మ కొంగులో మూటకట్టి ఇచ్చినవంట. ఏటా చెనిక్కాయల మధ్య ఒక సాలు ఆమెది, అందులో అవే వేస్తాది. వాన ఉన్న ఏడు అడిగినోళ్లకు విత్తనానికి ఇచ్చి, మిగిలినవి బూడిదలో వేస్తాది. వాన లేని ఏడు దోసెడు వస్తాయి, అవీ బూడిదలోకే. వండుకుందామే అంటే, వచ్చే ఏడు ఎట్లుంటాదో ఏమో, ఆ పైయేడు వండుదాంలే అంటాదంట. ఇరవై ఏండ్లకు పైనే. "ఈ ఇంట్లో అవి ఉడకంగా నేను చూడలేదమ్మా" అన్నాడు మామ.

నాకు భోరుమని ఏడుపొచ్చె. జేజి గిన్నె వెనక్కిచ్చిందెందుకో, ఆయన బీడీ వెలిగించలేదెందుకో అప్పుడు ఎక్కె తలకాయకు. విత్తనానికి కాపలా కాసినా గదా నేను, రోజూ, పిల్లిని కూడా అదిలించి! ఎంత జాగ్రత్తగా ఉండాలనుకుంటినో అంత పెద్ద తప్పు చేస్తినే అని కుమిలిపోతి.

మామ ఎద్దులు కట్టేదానికి పోయె. వంటింట్లో నేనూ, అత్తా. ఆమె దొంతి ముందర నుంచి లేయలే.

"ఇట్రా" అనె.

కొడతాదేమో అనుకుని పోయినా. కొడితే బాగుండని కూడా అనుకున్నా.

"కూచో."

కూచున్నా. తిట్టుకు సిద్ధంగా తల దించుకున్నా.

"ఎట్లుండెనే?"

ఆ ప్రశ్న ఏందో అర్థం కాలే నాకు. ఎత్తిపొడుపా, కోపమా, ఇంకేమన్నా అడిగితే నేను వేరేగా వింటాండానా? "బాగుండె" అన్నా.

"బాగుండె అంటే ఎట్లా? సరిగ్గా చెప్పు. తోలు గట్టిగా తగిలెనా?"

"లేదత్తా. పలచన. పంటికి తెలియలే."

"లోపల?"

"మెత్తన. వెన్న మాదిరి."

"తీపుండెనా?"

"బెల్లమేసినా గదత్తా..."

"బెల్లం తీపు కాదే. గింజ తీపు."

కండ్లు మూసుకుని గుర్తుచేసుకున్నా. ఊరికే ఏదో ఒకటి చెప్పేదానికి లేదని తెలిసె నాకు. ఆమె నా నోరే చూస్తాండె. "ఉండె అత్తా. నమిలేటప్పుడు తెలియలే. మింగినాక వచ్చె, ఆఖర్న."

"ఆ" అనె మా అత్త. "మా అమ్మా అదే చెప్పేది, మింగినాక వస్తాదని."

బయట మామ, విత్తే గొర్రు కట్టినా రమ్మని పిలిచినాడు. ఆమె ఒక గుటక మింగి, కొంగుతో నోరు తుడుచుకుని, చేనికి పోయె.